ఓటు చట్టాల మీద కంపెనీల మాట ఎంతవరకు చెల్లుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు అట్లాంటాలో ఒక పెద్ద కంపెనీలో హెచ్-1బీ మీద పనిచేస్తున్నారు. ఓటింగ్ నిబంధనలను బిగించే బిల్లుల్ని కంపెనీ బహిరంగంగా వ్యతిరేకించాలంటూ మీ ఆఫీసులో ఉద్యోగుల పిటిషన్ ఒకటి తిరుగుతోంది. 2021లో ఇక్కడి జార్జియా రాష్ట్ర ఓటు చట్టం మీద డెల్టా విమాన సంస్థ, కోకా-కోలా మాట్లాడాయి కదా, అప్పుడు ఏమైనా మారిందా, ఇప్పుడు మీరు సంతకం పెట్టొచ్చా అని అడుగుతున్నారు.

నేను ఇక్కడే ఒక పెద్ద కంపెనీ ప్రభుత్వ వ్యవహారాల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. 2021 మార్చిలో కూడా ఆ కుర్చీలోనే ఉన్నాను. ముందు చిన్న జవాబు చెప్తాను: ఆ ఏడాది కంపెనీలు గట్టిగా అరిచి చెప్పిన మాటతో చట్టంలో ఒక్క అక్షరం కూడా మారలేదు. అంతకు ముందు రెండు మూడు వారాల్లో నెమ్మదిగా చెప్పిన మాటలకు మాత్రం కొంత ఫలితం దక్కింది. మిగతాదంతా ఈ తేడా ఎందుకొచ్చిందన్న కథే.

2020 నవంబరులో జో బైడెన్ జార్జియాను 11,779 ఓట్ల తేడాతో గెలిచారు. ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే ఇక్కడ రనాఫ్ అనే రెండో విడత ఎన్నిక పెడతారు. 2021 జనవరి 5న జరిగిన రనాఫ్‌లో అమెరికా సెనేట్‌లో జార్జియాకున్న రెండు సీట్లూ డెమోక్రాట్లకే పోయాయి. రాష్ట్ర శాసనసభలో, రాష్ట్ర సెనేట్‌లో మాత్రం రిపబ్లికన్లదే మెజారిటీ. వాళ్ళలో చాలామంది నియోజకవర్గాల్లో "ఎన్నిక దొంగిలించారు" అన్న మాట బలంగా నాటుకుపోయింది. లెక్కింపు మళ్ళీ మళ్ళీ చేసినా ఫలితం మారలేదు, కోర్టుల్లోనూ మోసమేదీ రుజువు కాలేదు. అయినా జనవరిలో సమావేశాలు మొదలయ్యేసరికి ఎన్నికల బిల్లులు కుప్పగా వచ్చి పడ్డాయి. ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. 1965 ఓటింగ్ హక్కుల చట్టం కింద జార్జియా లాంటి రాష్ట్రాలు ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాల్సి ఉండేది. 2013లో షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటుకు ఆధారమైన సూత్రాన్ని కొట్టేసింది. అంటే 2021లో ఇక్కడి శాసనసభ్యుల్ని ముందుగా ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

మొదట వచ్చిన ముసాయిదాలు చాలా ఘాటుగా ఉన్నాయి. రాష్ట్ర సెనేట్ మార్చి 8న ఆమోదించిన ఒక బిల్లు ప్రకారం, కారణం చెప్పకుండా పోస్టులో ఓటు వేసే హక్కు చాలామందికి పోయేది. శాసనసభ ఆమోదించిన మరో బిల్లు ముందస్తు పోలింగ్‌లో ఆదివారాల్ని కుదించింది. నల్లజాతి చర్చిల వాళ్ళు ఆదివారం ప్రార్థన కాగానే బస్సుల్లో కలిసి వెళ్ళి ఓటేయడం ఇక్కడ పాత అలవాటు. ఆ నిబంధన ఎవరి కోసం రాశారో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు పని జరిగింది ఆ దశలోనే. నల్లజాతి ఓటర్ల సంఘాలు కోకా-కోలా, డెల్టా, హోమ్ డిపో లాంటి కంపెనీల పేర్లు పెట్టి మరీ నిలదీశాయి, పత్రికల్లో ప్రకటనలు ఇచ్చాయి. కంపెనీలు నేరుగా ముందుకు రాకుండా జార్జియా చాంబర్ ఆఫ్ కామర్స్ చాటున నిలబడ్డాయి. కారణం చెప్పకుండా పోస్టులో ఓటేసే హక్కును తీసేయడం, శని ఆదివారాల పోలింగ్‌ను కుదించడం తమకు సమ్మతం కాదని చాంబర్ చెప్పింది. లోపల లాబీయిస్టులు, అంటే కంపెనీల తరఫున శాసనసభ్యులతో మాట్లాడేవాళ్ళు, చెప్పిందీ ఇదే. గోల్డ్ డోమ్ కింద, అంటే ఇక్కడి శాసనసభ భవనంలో, "మీ బిల్లు జాత్యహంకారం" అని ఏ లాబీయిస్టూ అనడు. "ఫలానా సెక్షన్ తీసేస్తే మాకు ఇబ్బంది తగ్గుతుంది" అంటాడంతే.

ఎస్‌బీ 202 అనే బిల్లు మొదట రెండు పేజీల చిన్న బిల్లు. మార్చి 17న అది ఉన్నట్టుండి తొంభై పేజీలు దాటింది. మార్చి 25న రెండు సభలూ దాటి చివరి రూపం తేలినప్పుడు చూస్తే పోస్టు ఓటుకు కారణం చెప్పే నిబంధన లేదు, ఆదివారాల కోత లేదు. పైగా రెండు శనివారాల పోలింగ్ తప్పనిసరి అయింది. ఇది కంపెనీల ఘనతే అని నేను అనను. రిపబ్లికన్లలోనే కొందరు ఆ నిబంధనలకు ఒప్పుకోలేదు, జనం వీధుల్లోకి వచ్చారు. కానీ లాబీయిస్టులు నెమ్మదిగా చెప్పిన ఆ మాటలకు కూడా ఇందులో వాటా ఉంది.

మిగిలిన నిబంధనలు తేలికైనవేమీ కావు. పోస్టు ఓటుకు సంతకం పోల్చడం బదులు డ్రైవింగ్ లైసెన్సు నంబరో రాష్ట్ర గుర్తింపు నంబరో అడిగారు. దరఖాస్తు చేసుకునే వీలు ఎన్నికకు 180 రోజుల ముందు నుంచి కాకుండా 78 రోజుల ముందు నుంచే అయింది. పోస్టు ఓటు కవర్లు వేసే డ్రాప్ బాక్సులు 2020లో కోవిడ్ అత్యవసర నిబంధన కింద వచ్చాయి. కొత్త చట్టం వాటిని శాశ్వతం చేసింది, ప్రతి కౌంటీకి ఒకటి ఉండాలంది. అయితే లక్ష మంది ఓటర్లకు ఒకటి చొప్పున పరిమితి పెట్టి, ముందస్తు పోలింగ్ కేంద్రం లోపల, ఆ వేళల్లోనే తెరిచి ఉండాలని రాసింది. నైట్ షిఫ్ట్ దిగి వచ్చే మనిషి దారిలో కవరు వేసి వెళ్ళే వీలు అక్కడితో పోయింది. రనాఫ్ గడువు తొమ్మిది వారాల నుంచి నాలుగు వారాలైంది. రాష్ట్ర ఎన్నికల బోర్డు అధ్యక్ష స్థానం నుంచి, రాష్ట్రంలో ఎన్నికలు చూసే అధికారి అయిన సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ని తప్పించారు, కౌంటీ ఎన్నికల అధికారుల్ని పక్కన పెట్టే అధికారం ఆ బోర్డుకు ఇచ్చారు. నన్నడిగితే అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఈ చివరిదే. టీవీల్లో మాత్రం లైన్లో నిల్చున్న వాళ్ళకు నీళ్ళివ్వకూడదన్న నిబంధనే మోగింది. పోలింగ్ భవనానికి 150 అడుగుల లోపల, లేదా లైన్లో ఉన్న ఓటరుకు 25 అడుగుల లోపల, బయటివాళ్ళు తిండీ నీళ్ళూ ఇవ్వకూడదు. పోలింగ్ సిబ్బంది నీళ్ళ ఏర్పాటు చేయొచ్చు. ఆ 25 అడుగుల భాగాన్ని 2023లో ఒక ఫెడరల్ జడ్జి తాత్కాలికంగా ఆపారు కూడా.

మార్చి 25 సాయంత్రమే గవర్నర్ బ్రయాన్ కెంప్ తలుపులు మూసుకుని సంతకం పెట్టారు. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. బల్ల దగ్గర కెంప్, చుట్టూ ఆరుగురు తెల్లవాళ్ళు, వెనక గోడ మీద ఒక పాత తోటబంగళా చిత్రం. ఒకప్పుడు బానిసలతో పని చేయించిన ఎస్టేటు అది. బయట తలుపు తట్టిన పార్క్ కానన్ అనే నల్లజాతి శాసనసభ్యురాలిని పోలీసులు సంకెళ్ళు వేసి తీసుకెళ్ళారు. ఆమె మీద కేసు తర్వాత ముందుకు వెళ్ళలేదు. ఆ రాత్రి మా విభాగం గ్రూపులో వచ్చిన మెసేజుల్లో సగం ఆ ఫొటో గురించే. చట్టంలో ఏముందో అప్పటికి ఎవరూ పూర్తిగా చదవలేదు కానీ, ఫొటో మాత్రం అందరికీ అర్థమైంది.

మర్నాడు డెల్టా సీఈఓ ఎడ్ బాస్టియన్ ఉద్యోగులకు రాసిన లేఖలో, బిల్లు సభలో నడుస్తూ నడుస్తూ చాలా మెరుగుపడిందన్నారు. లాబీయింగ్ లెక్కలో చూస్తే అది అబద్ధం కాదు, అడిగిన సెక్షన్లు పోయాయి. బయటివాళ్ళకు మాత్రం అది చట్టాన్ని మెచ్చుకున్నట్టు వినిపించింది. డెల్టాను బహిష్కరించమంటూ హోరెత్తింది. మార్చి 31న కెన్నెత్ షెనాల్ట్, కెన్నెత్ ఫ్రేజియర్ ముందుండి, 72 మంది నల్లజాతి ఎగ్జిక్యూటివ్‌ల సంతకాలతో న్యూయార్క్ టైమ్స్‌లో లేఖ వేయించారు. ఒకరు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ మాజీ అధిపతి, ఇంకొకరు అప్పటి మెర్క్ సీఈఓ. అదే రోజు బాస్టియన్ మాట మారింది. తుది చట్టం అంగీకారయోగ్యం కాదు, ఎన్నికల్లో విస్తృతంగా మోసం జరిగిందన్న అబద్ధం మీద ఇదంతా నిలబడింది అన్నారు. అదే రోజు కోకా-కోలా సీఈఓ జేమ్స్ క్విన్సీ టీవీలో ఇది వెనకడుగు అన్నారు. కెంప్ వెంటనే, డెల్టా మాతో మాట్లాడినప్పుడు చెప్పినదానికీ ఇప్పుడు చెప్తున్నదానికీ పొంతన లేదని తిప్పికొట్టారు. గవర్నర్ వాదన మొత్తంలో నాకు కాదనడానికి వీల్లేకుండా అనిపించింది ఆ ఒక్క ముక్కే.

ఆ వారంలో ఇలాంటి ప్రకటనలు ఎలా తయారయ్యాయో చెప్తాను. మా కంపెనీలోనూ ఒకటి రాశాం. మొదటి ముసాయిదా ఉద్యోగుల సంఘాల నుంచి వచ్చింది, అందులో "ఈ చట్టాన్ని వ్యతిరేకిస్తున్నాం" అని ఉంది. లీగల్ వాళ్ళు "చట్టాన్ని" తీసేసి "ఓటు వేయడాన్ని కష్టం చేసే ఏ చర్యనైనా" అని పెట్టారు. ఇన్వెస్టర్లతో మాట్లాడే వాళ్ళు "వ్యతిరేకిస్తున్నాం" బదులు "ఆందోళన చెందుతున్నాం" అన్నారు. మా విభాగం నుంచి నేను, "శాసనసభ్యులతో కలిసి పనిచేస్తాం" అనే వాక్యం చేర్చమన్నాను, ఎందుకంటే వచ్చే జనవరిలో మళ్ళీ వాళ్ళ గదుల బయటే నేను నిలబడాలి. సాయంత్రానికి ఆ కాగితంలో జార్జియా అన్న పేరు కూడా లేదు. అది చదివి ఉద్యోగులు పిరికితనం అన్నారు, శాసనసభ్యులు వెన్నుపోటు అన్నారు. మీ పిటిషన్ ఫలిస్తే మీ కంపెనీలోనూ ఆ కాగితం ఇన్ని చేతులు మారాకే బయటికి వస్తుంది.

మార్చి 31 ఆ ఏడాది సమావేశాల చివరి రోజు కూడా. పొద్దున డెల్టా లేఖ వచ్చింది, రాత్రికి శాసనసభ విమాన ఇంధనం మీద పన్ను రాయితీని తీసేస్తూ 97-73తో ఓటేసింది. ఆ రాయితీతో ఎక్కువ లాభపడేది డెల్టాయే. చెయ్యి కరిచే కుక్కకు ఎవరూ తిండి పెట్టరు అనే అర్థంలో స్పీకర్ డేవిడ్ రాల్‌స్టన్ మాట్లాడారు. రాష్ట్ర సెనేట్ దాన్ని చేపట్టకుండానే సమావేశాలు ముగిశాయి కాబట్టి రాయితీ దక్కింది. కానీ డెల్టాకు ఈ దెబ్బ రుచి కొత్త కాదు. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ స్కూలు కాల్పుల తర్వాత తుపాకీ సంఘం సభ్యులకు ఇచ్చే డిస్కౌంటును డెల్టా ఆపింది. అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ కేసీ కేగల్ ఇదే ఇంధన రాయితీని ముందు పెట్టి బెదిరించారు, శాసనసభ దాన్ని నిజంగానే తీసేసింది. కొన్ని నెలల తర్వాత గవర్నర్ నేథన్ డీల్ మళ్ళీ ఇప్పించారు. రెండు అనుభవాలూ తెలిసిన ఏ సీఈఓ అయినా మూడోసారి నోరు తెరిచే ముందు ఆలోచిస్తాడు.

ఇక ఏప్రిల్ 2న మేజర్ లీగ్ బేస్‌బాల్, ఆ ఏడాది ఆల్ స్టార్ మ్యాచ్‌ను అట్లాంటా పక్కనే కాబ్ కౌంటీలో ఉన్న ట్రూయిస్ట్ పార్క్ నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది, కొన్ని రోజులకు దాన్ని డెన్వర్‌కు ఇచ్చింది. మాటతో ఆగకుండా చేతల్లోకి దిగిన పెద్ద సంస్థ ఇది. అయితే చట్టం మీద సంతకమై అప్పటికే వారం దాటింది. మ్యాచ్ పోయినందుకు చట్టం వెనక్కి పోదు. పోయింది స్టేడియం చుట్టుపక్కల హోటళ్ళ, చిన్న దుకాణాల బేరం. కొత్త చట్టం మీద గట్టిగా పోరాడిన డెమోక్రాట్ నాయకురాలు స్టేసీ ఏబ్రమ్స్ కూడా బహిష్కరణలు వద్దన్నారు. ఇంతలో డొనాల్డ్ ట్రంప్ అటువైపు నుంచి కోకా-కోలా, డెల్టా, బేస్‌బాల్ లీగ్, ఇంకా చాలా కంపెనీల పేర్లు చదివి వాటిని బహిష్కరించమన్నారు. సెనేట్ రిపబ్లికన్ నేత మిచ్ మెకానెల్ కంపెనీలు రాజకీయాల్లో తలదూర్చొద్దని హెచ్చరించి, విరాళాల సంగతి వేరు అని కూడా చేర్చారు. చందా పుచ్చుకుంటాం, సలహా మాత్రం వద్దు అన్నమాట. రెండు రోజుల తర్వాత, ఆ మాట సరిగ్గా చెప్పలేకపోయానని ఆయనే సర్దుకున్నారు.

మాట్లాడకుండా ఉంటే సేఫ్ అనుకుంటే అదీ లేదు. హోమ్ డిపో, ఎన్నికలు అందరికీ అందుబాటులో, న్యాయంగా, భద్రంగా ఉండాలి అనే తరహాలో ఎవరికీ తగలని మాట చెప్పి ఊరుకుంది. ఏప్రిల్ 20న బిషప్ రెజినాల్డ్ జాక్సన్ నాయకత్వంలో నల్లజాతి చర్చిల నాయకులు ఆ కంపెనీని బహిష్కరించమని పిలుపిచ్చారు. అప్పుడు ఒక శాసనసభ్యుడు నవ్వుతూ, మీరు మాట్లాడినా తిట్లే, మాట్లాడకపోయినా తిట్లే, మరి జీతం ఎందుకిస్తున్నారు మీకు అని నన్నడిగాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కంపెనీలు గట్టిగా మాట్లాడితే రాష్ట్రాలు దిగి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. మార్టిన్ లూథర్ కింగ్ సెలవును 1990లో అరిజోనా ఓటర్లు తిరస్కరిస్తే, 1993 సూపర్ బౌల్‌ను ఫుట్‌బాల్ లీగ్ అక్కడి నుంచి పాసడీనాకు తరలించింది. 1992 నవంబరులో అదే ఓటర్లు సెలవుకు ఒప్పుకున్నారు, 1996 సూపర్ బౌల్ అరిజోనాకు దక్కింది. నార్త్ కరోలినాలో 2016లో ట్రాన్స్‌జెండర్ల బాత్‌రూమ్ వాడకం మీద చట్టం వస్తే, పేపాల్ షార్లెట్‌లో పెట్టాలనుకున్న 400 ఉద్యోగాల కేంద్రాన్ని ఆపేసింది, బాస్కెట్‌బాల్ లీగ్ ఆల్ స్టార్ మ్యాచ్‌ను న్యూ ఓర్లీన్స్‌కు మార్చింది. ఏడాదికల్లా ఆ చట్టంలో ముఖ్య భాగం రద్దయింది. ఇవి చూసే చాలామంది 2021లోనూ అంతే అవుతుందనుకున్నారు.

ఓటు చట్టం దగ్గర ఆ సూత్రం పారదు. సెలవు మీదో బాత్‌రూమ్ మీదో చట్టం చేసినప్పుడు శాసనసభ్యుడు దాన్ని వదులుకుంటే పోయేది కాస్త పరువు. ఎన్నికల చట్టం వదులుకుంటే తన సీటే పోతుందని అతని భయం, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఎవరో ఒకరు "నువ్వు కోక్‌కి లొంగిపోయావు" అంటారని ఇంకా పెద్ద భయం. ఎంత పెద్ద కంపెనీ ఎన్ని ఉద్యోగాలు చూపించినా, ఎమ్మెల్యే లెక్కలో తన సీటు కంటే విలువైనది ఉండదు. పైగా కోకా-కోలా అట్లాంటా వదిలి వెళ్ళదని, డెల్టా హార్ట్స్‌ఫీల్డ్ విమానాశ్రయాన్ని మూటగట్టుకు పోలేదని అందరికీ తెలుసు. బెదిరించే చెయ్యి ఖాళీ.

సంతకానికి ముందే మాట్లాడి ఉంటే సరిపోయేదా అంటే, టెక్సస్ చూడండి. 2021 ఏప్రిల్ 1న, బిల్లు ఇంకా సగం దారిలో ఉండగానే, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సూటిగా పేరు చెప్పి వ్యతిరేకించింది. డెల్ కంప్యూటర్ల కంపెనీ అధిపతి మైఖేల్ డెల్ కూడా మరో బిల్లును వ్యతిరేకించారు. లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ ప్యాట్రిక్, వీళ్ళు బిల్లు చదవకుండా మాట్లాడుతున్నారని ఎదురుదాడికి దిగారు. బిల్లును నెలల తరబడి ఆపింది కంపెనీలు కాదు, కోరం లేకుండా చేయడానికి సభ వదిలి వాషింగ్టన్‌కు విమానమెక్కిన డెమోక్రాట్ శాసనసభ్యులు. చివరికి సెప్టెంబరు 7న గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకం పెట్టారు. హ్యూస్టన్‌లో 2020లో నడిపిన 24 గంటల పోలింగ్, కార్లోంచే ఓటేసే ఏర్పాటు రెండూ పోయాయి.

కాబట్టి నా అభిప్రాయం ఇంతవరకే: ఓటు చట్టం మొత్తాన్ని ఆపే శక్తి కంపెనీకి లేదు. ముసాయిదా దశలో ఒక వేళనో, ఒక ఆదివారాన్నో, ఒక గడువునో కాపాడే శక్తి ఉంది. అది బయటికి కనపడదు, దానికి చప్పట్లు ఉండవు, అందుకే చాలా కంపెనీలు ఆ పని చేయవు కూడా.

కోకా-కోలా గురించి చెప్పేటప్పుడు ఇక్కడి పాతవాళ్ళు ఒక విందు గురించి తప్పక చెప్తారు. 1964లో కింగ్‌కు నోబెల్ వచ్చింది. సొంత ఊరు అట్లాంటాలో సన్మానం పెడితే తెల్ల వ్యాపారులు టికెట్లు కొనలేదు. మేయర్ ఐవన్ అలెన్, కోకా-కోలా అధిపతి పాల్ ఆస్టిన్ కలిసి ఊరి వ్యాపార పెద్దల్ని పిలిపించారు. మాది అంతర్జాతీయ వ్యాపారం, తన నోబెల్ గ్రహీతను గౌరవించని ఊళ్ళో ఉండటం మాకు సిగ్గు, మాకు అట్లాంటా అక్కర్లేదు, మీకు మేం కావాలో వద్దో తేల్చుకోండి అని ఆస్టిన్ చెప్పాడట. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి, 1965 జనవరి 27న డింక్లర్ ప్లాజా హోటల్లో విందు జరిగింది. ఆ మాట పనిచేసిందంటే కారణం ఉంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు వ్యాపారులు, ఓట్లు అడుక్కోవాల్సిన వాళ్ళు కారు. వాళ్ళలో ఎంతమందికి కోక్‌తో లావాదేవీలుండేవో ఊహించుకోండి.

వాషింగ్టన్‌లో జరిగింది మరీ నిరాశ. ఏప్రిల్ 14న వందలమంది ఎగ్జిక్యూటివ్‌లు, కంపెనీలు కలిసి, ఓటు హక్కును కుదించే చట్టాలకు వ్యతిరేకంగా రెండు పెద్ద పత్రికల్లో ప్రకటన వేశారు. అమెజాన్, గూగుల్, వారెన్ బఫెట్ ఉన్నారు. ఇంత గొడవకు కేంద్రమైన కోకా-కోలా, డెల్టా అందులో లేవు, అప్పటికే వాళ్ళకు చాలింది. జులైలో జాన్ లూయిస్ పేరు మీద ఉన్న ఓటింగ్ హక్కుల బిల్లును 150కి పైగా కంపెనీలు సమర్థించాయి. మరోవైపు, పెద్ద కంపెనీలే సభ్యులుగా ఉండే యూఎస్ చాంబర్ ఆఫ్ కామర్స్ డెమోక్రాట్ల ముఖ్యమైన ఎన్నికల బిల్లును వ్యతిరేకించింది. 2022 జనవరి 19న సెనేట్‌లో ఫిలిబస్టర్ నిబంధనను, అంటే 60 ఓట్లు లేకపోతే బిల్లును ఆపేయగలిగే వీలును, మార్చే ప్రయత్నం 52-48తో ఓడిపోవడంతో ఆ కథ ముగిసింది.

తర్వాత 2022లో ఫ్లోరిడాలో, బడుల్లో లైంగికత గురించి చెప్పడం మీద ఆంక్షలు పెట్టిన చట్టం విషయంలో డిస్నీ మొదట మౌనంగా ఉండి, ఉద్యోగుల ఒత్తిడితో మాట్లాడి, తన పార్కులున్న ప్రత్యేక పాలనా జిల్లా మీద పట్టు పోగొట్టుకుంది. 2024 దాకా ఆ గొడవ నడిచింది. కంపెనీల బోర్డు గదుల్లో ఇప్పటికీ ఉదాహరణగా వాడేది డిస్నీనే. జార్జియా చట్టం మీద 2021 జూన్‌లో కేంద్ర న్యాయశాఖ వేసిన కేసును 2025 మార్చి 31న ట్రంప్ ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఆల్ స్టార్ మ్యాచ్ 2025 జులైలో ట్రూయిస్ట్ పార్క్‌కే తిరిగి వచ్చింది. చట్టం చట్టంగానే ఉంది.

2022లో ముందస్తు పోలింగ్ మధ్యంతర ఎన్నికల రికార్డులు దాటింది కదా, ఇంకేం నష్టం జరిగింది అని కొందరు అడుగుతారు. రేసు హోరాహోరీగా ఉంటే, సంఘాలు ఇంటింటికీ తిరిగి బెదిరిపోయిన వాళ్ళను కూడా తీసుకొస్తే, అడ్డంకులున్నా జనం వస్తారు. వాళ్ళు పడ్డ కష్టం ఆ అంకెలో కనపడదు. అలాగని, చట్టం వస్తే నల్లజాతి ఓటు కుప్పకూలుతుందని 2021లో చెప్పినవాళ్ళ జోస్యం కూడా నిజం కాలేదు.

మన దేశంతో పోలిక చాలామంది తెస్తారు. అక్కడ కంపెనీలు ఎన్నికల చట్టాల మీద పెదవి విప్పవు, డబ్బు మాత్రం నడుస్తుంది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎలక్టోరల్ బాండ్లను కొట్టేశాక బయటికి వచ్చిన జాబితాలో, కొన్నవాళ్ళలో రెండో స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. కొనడం అప్పటి చట్టం ప్రకారం నేరం కాదు. కానీ జనానికి ఏళ్ళ తరబడి తెలియలేదు. ఇక్కడ కనీసం ఎవరు ఎవరికిచ్చారో వెతుక్కోవచ్చు. జార్జియాలో కంపెనీ రాష్ట్ర అభ్యర్థులకు నేరుగా చందా ఇవ్వొచ్చు, కాకపోతే సమావేశాలు జరిగే రోజుల్లో శాసనసభ్యులు తీసుకోకూడదు. మీ కంపెనీ పేరు కొట్టి చూడండి. ప్రకటనలో ఒక మాట, చందాల్లో ఇంకో మాట కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఇక మీ సంతకం సంగతి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు సొంత కంపెనీకి రాసే వినతి మీద సంతకం పెట్టడాన్ని ఏ చట్టమూ ఆపదు. ఎన్నికల చందా మాత్రం పది డాలర్లు కూడా ఇవ్వకూడదు, కంపెనీ నడిపే రాజకీయ చందాల కమిటీకి (పీఏసీ) కూడా. గ్రీన్ కార్డు వచ్చాక ఇవ్వొచ్చు. కానీ వాక్ స్వాతంత్ర్యం ప్రభుత్వం నుంచి రక్షణే, ప్రైవేటు యజమాని నుంచి కాదు. జార్జియాలో ఉద్యోగం ఎప్పుడైనా తీసేయొచ్చు, ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి హెచ్-1బీ మీద మీకు ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ టెన్షన్ నిజమైనదే, దాన్ని తక్కువ చేసి చెప్పను. పిటిషన్ మీద తీసేస్తారని కూడా నేను అనుకోను. పేరు బయట తిరిగే పిటిషనా, లోపలే ఉండేదా అన్నది మాత్రం ముందు కనుక్కోండి.

నేను మీ స్థానంలో ఉంటే పిటిషన్ రాసినవాళ్ళతో కూర్చుని దాన్ని మార్పిస్తాను. "బహిరంగంగా ఖండించండి" అన్న కోరిక తీసేసి, మీ లాబీయిస్టులు ఈ బిల్లులో ఏ సెక్షన్ మీద ఏమడుగుతున్నారో ఉద్యోగులకు చెప్పండి అని రాయిస్తాను. చాంబర్‌లో మన కంపెనీ ఏ వైపు నిలబడిందో అడుగుతాను. దానికి తోడు కంపెనీ చేతిలోనే ఉన్న పని ఒకటి పెడతాను. జార్జియా చట్టం ఓటు కోసం రెండు గంటలు సెలవిస్తుంది, 2023 నుంచి అది ముందస్తు పోలింగ్‌కూ వర్తిస్తుంది. కానీ జీతంతో ఇవ్వాలని చట్టంలో లేదు. గోదాముల్లో, కాల్ సెంటర్లలో గంటల లెక్కన పనిచేసేవాళ్ళకు జీతంతో సగం రోజు, పోల్ వర్కర్‌గా వెళ్ళే సిటిజన్ సహోద్యోగులకు జీతంతో ఒక రోజు అడగొచ్చు. ఇది పని షరతుల కోరిక కాబట్టి కార్మిక చట్టం కింద మేనేజర్లు కానివాళ్ళకు కొంత రక్షణ కూడా దొరుకుతుంది. ఉత్త రాజకీయ పిటిషన్‌కు అంత దొరకదు. మీరు మేనేజరైతే ఈ లెక్క మీకు వర్తించదు.

సమయం కూడా చూసుకోండి. జార్జియా సమావేశాలు జనవరి రెండో సోమవారం మొదలై 40 పనిదినాలు నడుస్తాయి. 28వ రోజున క్రాసోవర్ డే, ఆ లోపు ఒక సభ దాటని బిల్లు మామూలుగా ఆ ఏడాదికి ఆగినట్టే. 2021లో రెండు పేజీల బిల్లు తొంభై అయినట్టు, దాటిన బిల్లులోకి మిగతావి వచ్చి చేరతాయి కాబట్టి ఆ రోజు తర్వాత కూడా కన్ను వేసి ఉంచాలి. మీ కంపెనీ వాళ్ళు ఆ ఏడాది ఏమేం అడగాలో శరదృతువులోనే తేల్చుకుంటారు. మీ ఉత్తరం అక్టోబరులో చేరితే ఆ జాబితాలోకి ఎక్కే వీలుంది. మార్చిలో చేరితే కమ్యూనికేషన్స్ వాళ్ళ దగ్గరికి పోతుంది, వాళ్ళు మీకొక ప్రకటన రాసిస్తారు.